‘మేడ్ ఇన్ జపాన్’ మూడు రాత్రులు, మిగతా కచేరీలు: డీప్ పర్పుల్ లైవ్ రికార్డింగులను ఎలా పోల్చాలి?

బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ స్టూడియో ఆల్బములు విన్న తర్వాత లైవ్ రికార్డింగుల వైపు వచ్చారనీ, ఒకే పాట ఎన్నో డిస్కుల్లో ఎదురవుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశారు. ‘మేడ్ ఇన్ జపాన్’కు అంత పేరు ఎందుకు వచ్చిందో, ఆ మూడు రాత్రుల పూర్తి రికార్డింగులున్న పెట్టె కొనడం అవసరమో కాదో కూడా చెప్పమన్నారు. ముందుగా సూటి జవాబు చెబుతాను. 1972 డిసెంబరులో బ్రిటన్‌లో విడుదలైన అసలు ‘మేడ్ ఇన్ జపాన్’, అంటే ఏడు పాటలతో రెండు ఎల్పీలుగా (రెండు పక్కలా పాటలుండే పెద్ద గ్రామఫోను రికార్డులుగా) వచ్చిన కూర్పు, మీరు మొదట వినవలసినది. తర్వాత వినే ప్రతిదానికీ అదే కొలమానం కావాలి. అయితే ఆ ఆల్బం ఒక రాత్రి జరిగిన కచేరీ కాదు, మూడు రాత్రుల నుంచి ఏరి కూర్చినది. ఏరినవారి ముందు ఏమేమి ఉన్నాయో, దేనిని తీసుకుని దేనిని వదిలారో తెలిస్తేనే ఇతర రికార్డింగులను దాని పక్కన పెట్టి న్యాయంగా పోల్చగలం. బృందం ఎలా వాయించింది, టేపుకు ఎంత అందింది, తర్వాత మిక్సింగ్ గదిలో, అంటే విడివిడిగా రికార్డయిన ధ్వనులను సరిపాళ్లలో కలిపే చోట, ఏమి జరిగింది అన్న మూడింటినీ విడదీసి చూడకపోతే, మనం కచేరీని మెచ్చుకుంటున్నామో సౌండ్ ఇంజనీరును మెచ్చుకుంటున్నామో మనకే తెలియదు.

ఆ రికార్డింగు పుట్టుక సంగతి చూద్దాం. అప్పటి బృందంలో ఇయన్ గిలన్ గాయకుడు, రిచీ బ్లాక్‌మోర్ గిటారిస్టు, జాన్ లార్డ్ ఆర్గన్ వాద్యకారుడు, రోజర్ గ్లోవర్ బాస్ గిటారిస్టు, ఇయన్ పేస్ డ్రమ్మరు. 1972 ఆగస్టులో వారు తొలిసారి జపాన్ వెళ్లినప్పుడు, అక్కడి రికార్డు సంస్థ తమ దేశంలో అమ్ముకోవడానికి ఒక లైవ్ ఆల్బం కావాలని అడిగింది. బృందానికి పెద్దగా ఇష్టం లేదు. తమ స్టూడియో ఆల్బములకు పనిచేసిన మార్టిన్ బర్చ్ రికార్డింగు చూసుకోవాలనీ, టేపులు తమకు నచ్చితేనే బయటికి రావాలనీ షరతులు పెట్టి ఒప్పుకుంది. ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకా ఫెస్టివల్ హాల్లో, 17న టోక్యోలోని బుడోకాన్‌లో ధ్వనులను ఎనిమిది వరుసలుగా విడివిడిగా పట్టే ఎనిమిది ట్రాకుల యంత్రం మీద రికార్డు చేశారు. మిక్సింగ్‌కు బృందం నుంచి గ్లోవర్, పేస్ మాత్రమే కూర్చున్నారు. బాస్, డ్రమ్స్ వాయించే ఇద్దరు దగ్గరుండి చేయించిన మిక్సింగ్ అని గుర్తు పెట్టుకుని వింటే, ఆ ఆల్బంలో లయ విభాగం అంత ముందుకు, అంత బరువుగా ఎందుకు వినబడుతుందో తెలుస్తుంది. గ్లోవర్ రికెన్‌బ్యాకర్ బాస్ కరకరలాడే ధ్వనితో ఆద్యంతం స్పష్టంగా ఉంటుంది. అదే కాలపు ఎన్నో లైవ్ ఆల్బముల్లో బాస్ అంటే దూరంగా వినబడే ఒక రొద మాత్రమే.

ఏడు పాటల్లో ఏది ఏ రాత్రిదో చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. ‘హైవే స్టార్’, ‘చైల్డ్ ఇన్ టైమ్’, ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్’, ‘స్పేస్ ట్రకిన్’ అనే నాలుగూ ఒసాకా రెండో రాత్రివి. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఒక్కటే మొదటి రాత్రిది. ‘ద మ్యూల్’, ‘లేజీ’ టోక్యోవి. విచిత్రమేమిటంటే, బృందం సభ్యులు మూడింటిలోనూ గొప్పదిగా తలచుకున్నది టోక్యో రాత్రినే. బుడోకాన్‌లో వేలమంది యువతీయువకులు ‘చైల్డ్ ఇన్ టైమ్’కు గొంతు కలిపి పాడటం తన జీవితంలో మరపురానిదని గ్లోవర్ చెప్పుకున్నాడు. అయినా ఆ రాత్రి నుంచి ఆల్బంలోకి వచ్చిన రెండు పాటలూ వాద్యానికి ప్రాధాన్యం ఉన్నవే: ఒకటి డ్రమ్స్ కోసం నిలిపిన పాట, రెండోది ఆర్గన్, గిటార్ల పాట. కారణం ఊహించడం కష్టం కాదు. ఫెస్టివల్ హాల్ సంగీతం కోసం కట్టిన మందిరం. బుడోకాన్ 1964 ఒలింపిక్స్ జూడో పోటీల కోసం కట్టిన విశాలమైన క్రీడా భవనం. అంత పెద్ద ఖాళీలో ధ్వని గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చి మైకుల్లో దూరుతుంది. వాయించినవారికి అది గొప్ప రాత్రి, టేపుకు మాత్రం కాదు. లైవ్ రికార్డింగులను పోల్చేవారు మొట్టమొదట గుర్తుంచుకోవలసిన తేడా ఇదే.

పాటల వరుసను కూడా మార్చారు. మూడు రాత్రులూ ‘హైవే స్టార్’ తర్వాత రెండోది ‘స్మోక్ ఆన్ ద వాటర్’, మూడోది ‘చైల్డ్ ఇన్ టైమ్’. ఆల్బంలో ఈ రెండూ తారుమారయ్యాయి. నిడివి లెక్క చూస్తే నాకు తోచే కారణం ఎల్పీ పరిమితి. ‘హైవే స్టార్’ ఆరు నిమిషాల ముప్పావు, ‘చైల్డ్ ఇన్ టైమ్’ పన్నెండు నిమిషాల పైచిలుకు కాబట్టి రెండూ కలిసి మొదటి పక్కకు సరిపోతాయి. అసలు వరుసలోనే ఉంచితే రెండో పక్క మీద ‘చైల్డ్ ఇన్ టైమ్’, ‘ద మ్యూల్’ కలిసి ఇరవై రెండు నిమిషాలకు దగ్గరవుతాయి, మొదటి పక్క పద్నాలుగుతో ఆగిపోతుంది. ఎల్పీలో పక్క ఎంత పొడవైతే గాడి అంత సన్నబడి ధ్వని అంత బలహీనపడుతుంది. ఈ మార్పు వల్ల ఆల్బం వినేవారికి కచేరీ స్వరూపం మారిపోయింది. కచేరీలో రెండు చురుకైన పాటల తర్వాత వచ్చే నిశ్శబ్దం ఆల్బంలో ఒక్క పాట తర్వాతే వచ్చేస్తుంది. పూర్తి రాత్రి విన్నప్పుడు ‘చైల్డ్ ఇన్ టైమ్’ ఆరంభంలోని ఆర్గన్ మరింత ప్రశాంతంగా తోచడానికి ఇదే కారణం.

ఇక ఏ పాటలో ఏమి పోల్చాలి? ఈ బృందం ఆనాటి పాటల్లో కట్టుదిట్టంగా కుదిర్చిన భాగాలు కొన్ని, ఆ రాత్రికే వదిలేసినవి కొన్ని. కర్ణాటక సంగీత కచేరీలు వినే అలవాటున్నవారికి ఇది చప్పున అర్థమవుతుంది: కృతి అందరికీ తెలిసినదే, దాని చుట్టూ వచ్చే ఆలాపన, నెరవు, స్వరకల్పన, తని ఆవర్తనం మాత్రం ఆ పూటకు పుట్టేవి. కుదిర్చిన భాగాల్లో రాత్రికి రాత్రికి తేడా వెతకడం వృథా ప్రయాస. ‘హైవే స్టార్’ అందుకు మంచి ఉదాహరణ. అందులోని ఆర్గన్ సోలో (ఒక్క వాద్యమే ముందుకు వచ్చి సాగే భాగం), గిటార్ సోలో రెండూ ముందే కూర్చుకున్న స్వరాల వరుసలు, ముఖ్యంగా గిటార్ సోలోలో పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్ తరహా సంచారాలు ఎప్పుడూ దాదాపు ఒకే తీరున వస్తాయి. అక్కడ పోల్చదగినవి వేగం, బిగువు, గిలన్ గొంతు పరిస్థితి మాత్రమే. జపాన్‌లో స్టూడియో రికార్డింగు కంటే వేగంగా వాయించారు, ఆ వేగంలో కూడా పేస్, గ్లోవర్‌ల జత చెదరలేదు. ఒసాకా రెండో రాత్రిని ఎంచుకోవడం సరైన నిర్ణయమేనన్నది నా అభిప్రాయం.

‘చైల్డ్ ఇన్ టైమ్’ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఈ పాట ప్రాణం శబ్దపు స్థాయిలో ఉంది. ఆర్గన్ మీద వినీ వినబడనట్టు మొదలై, గిలన్ గొంతు మాటల్లేని ‘ఆ’కారంతో మెట్టు మెట్టుగా ఎక్కి తారస్థాయిలో కేకగా మారి, అక్కడి నుంచి వాద్యాలు అందుకుని వేగం పెంచుకుంటూ పోయి, ఒక్కసారి తెగిపోయి మళ్లీ మొదటి నిశ్శబ్దానికి వస్తుంది. పోల్చేటప్పుడు పైస్థాయి కేకలు ఎంత బాగా వచ్చాయన్నదానినే అందరూ చూస్తారు. నేను మాత్రం కేకకు ముందున్న మెట్లను చూడమంటాను. ప్రతి మెట్టుకూ గాయకుడు ఎంత బలం దాచుకున్నాడు, డ్రమ్మరు ఎంతసేపు ఓపిక పట్టాడు అన్నదే ఆ కేకకు విలువ తెస్తుంది. ఒసాకా రెండో రాత్రి రికార్డింగులో ఆ ఓపిక సంపూర్ణంగా ఉంది. పాట పుట్టుక గురించి భారతీయ శ్రోతలకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఆరంభంలోని ఆర్గన్ బాణీకి ఆధారం ‘ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే’ అనే శాన్ ఫ్రాన్సిస్కో బృందం వాయించిన ‘బాంబే కాలింగ్’. ఆ బృందం కూడా తర్వాత డీప్ పర్పుల్ వారి ‘రింగ్ దట్ నెక్’ బాణీని తన పాటకు వాడుకుంది.

‘స్మోక్ ఆన్ ద వాటర్’ విషయంలో పోలికకు పనికొచ్చేది పాట చివర. స్టూడియోలో అయిదు నిమిషాల నలభై సెకన్లకు ముగిసే పాట ఇక్కడ ఏడున్నర నిమిషాలు దాటుతుంది. ఆ అదనపు సమయంలో గిటారు, ఆర్గన్ ఒకదానికొకటి బదులు చెప్పుకుంటాయి. ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్’లో అదే సంవాదం గిటారుకూ గొంతుకూ మధ్య జరుగుతుంది. బ్లాక్‌మోర్ ఒక పదబంధం వాయిస్తే గిలన్ దాన్ని గొంతుతో తిరిగి పలుకుతాడు, అంతకంతకు కష్టమైనవి ఇస్తూ పోతే చివరకు గిలన్ ఊపిరి బిగబట్టి సాగదీసే ఒక కేకతో ముగుస్తుంది. సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వచ్చిన నాలుగు నిమిషాల లోపు పాటను పది నిమిషాలకు పెంచింది ఈ ఆటే. మూడు రాత్రులనూ వరుసగా వింటే బ్లాక్‌మోర్ ఇచ్చే పదబంధాలు మారడం, గిలన్ వాటిని వెంటనే పట్టుకోవడం తెలుస్తుంది. పెట్టె కొనేవారికి దక్కే అసలు లాభాల్లో ఇదొకటి.

‘ద మ్యూల్’ గురించి తక్కువే చెబుతాను. అది పేస్ డ్రమ్ సోలోకు వేసిన పందిరి. ఒకే బాస్ డ్రమ్ముతో అంత నిండుదనం తేవడం, చేతివేళ్లలో జాజ్ డ్రమ్మర్ల తేలిక ఉండటం విశేషం. డ్రమ్ సోలోలు ఇష్టం లేనివారు ఒక్కసారి విని ముందుకు వెళ్లవచ్చు.

‘లేజీ’, ‘స్పేస్ ట్రకిన్’ మాత్రం పోలికలకు నిలయాలు. ‘లేజీ’కి ముందు లార్డ్ ఒంటరిగా ఆర్గన్ మీద ఆడుకునే ఆరంభం ప్రతి రాత్రీ వేరు. ఇక ‘స్పేస్ ట్రకిన్’ స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట. ‘మేడ్ ఇన్ జపాన్’లో అదే పాట ఎల్పీ నాలుగో పక్కనంతా ఆక్రమించి ఇరవై నిమిషాలకు చేరుతుంది. ఈ పెరుగుదలను అర్థం చేసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. బృందం మొదటి ఆల్బంలో, 1968లో, ‘మాండ్రేక్ రూట్’ అనే పాట ఉంది. 1970లో కచేరీ చివర ఆ పాటనే అరగంట దాకా సాగదీసేవారు. 1972కు పాటను పక్కన పెట్టారు గానీ దాని చివరనున్న వేగపు వాద్య భాగాన్ని వదులుకోలేక ‘స్పేస్ ట్రకిన్’ తోకకు కట్టారు. మధ్యలో బ్లాక్‌మోర్ గిటారు వాల్యూమ్ మీటను తిప్పుతూ సెల్లో వంటి ధ్వని తెప్పించే ప్రశాంతమైన భాగం ‘ఫైర్‌బాల్’ ఆల్బంలోని ‘ఫూల్స్’ నుంచి వచ్చింది. లార్డ్ రింగ్ మాడ్యులేటర్ అనే ధ్వనిని మార్చే పరికరంతో ఆర్గన్‌ను లోహపు గర్జనగా మార్చే భాగం కూడా ఇక్కడే. కాబట్టి ఈ పాటను ఇంకే సంవత్సరపు రికార్డింగుతో పోల్చాలన్నా ‘స్పేస్ ట్రకిన్’ పేరు కోసం మాత్రమే వెతక్కండి, ‘మాండ్రేక్ రూట్’ను కూడా లెక్కలోకి తీసుకోండి. పేరు మారినా, నాలుగేళ్ల పాటు పెరుగుతూ వచ్చిన ఒకే వాద్య ప్రబంధం అది.

కొత్తగా వినేవారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురవుతుంది: ఏది ఆర్గన్, ఏది గిటారు? లార్డ్ తన హామండ్ విద్యుత్ ఆర్గన్‌ను మార్షల్ గిటార్ ఆంప్లిఫయర్ల గుండా పంపేవాడు కాబట్టి రెండు వాద్యాలూ ఒకే రంగు బొంగురుతనంతో పలుకుతాయి. స్వరం కిందికీ పైకీ జారుతూ గమకంలా ఊగితే అది గిటారు, ఎందుకంటే బ్లాక్‌మోర్ తీగను లాగగలడు, వంతెన దగ్గరి కడ్డీని అదమగలడు. ఆర్గన్ స్వరం మెట్టు మీద మెట్టులా ఉంటుంది, ఎంతసేపు పట్టుకున్నా బలం తగ్గదు, మీట నొక్కిన చోట చిన్న టక్కుమనే శబ్దం వస్తుంది. ‘మేడ్ ఇన్ జపాన్’ మిక్సింగ్‌లో ఈ రెండింటినీ స్టీరియోలో చెరోవైపు ఉంచారు. హెడ్‌ఫోన్లతో ఒక్కసారి శ్రద్ధగా వింటే చెవికి ఆ తేడా పట్టుబడుతుంది. అది పట్టుబడే దాకా పోలికల జోలికి వెళ్లకపోవడమే మంచిది, లేకపోతే లార్డ్ పనితనమంతా బ్లాక్‌మోర్ ఖాతాలో పడిపోతుంది.

జపాన్‌కు ముందరి రికార్డింగుల్లో మూడింటిని తప్పక వినమంటాను. మొదటిది 1970 నవంబరు 12న స్టాక్‌హోమ్‌లో స్వీడిష్ రేడియో రికార్డు చేసిన కచేరీ, 1988లో ‘స్కాండినేవియన్ నైట్స్’ పేరుతో బయటికి వచ్చింది. ‘రింగ్ దట్ నెక్’, ‘మాండ్రేక్ రూట్’ ఒక్కొక్కటి అరగంట ప్రాంతంలో నడుస్తాయి. డ్రమ్ సోలోకు అప్పట్లో రోలింగ్ స్టోన్స్ బృందం పాట ‘పెయింట్ ఇట్, బ్లాక్’ను వాడేవారు. అందులో ధైర్యం ఉంది, దారి తప్పడం కూడా ఉంది. ఒక ఆలోచన అయిపోయిన తర్వాత కూడా వాయిస్తూ పోయే నిమిషాలు చాలానే వస్తాయి. 1972కు వచ్చేసరికి ఎక్కడ ఆగాలో నేర్చుకున్నారని స్టాక్‌హోమ్ వింటేనే తెలుస్తుంది. రెండోది 1972 మార్చి 1న కోపెన్‌హాగెన్ కె.బి. హాలెన్‌లో డెన్మార్క్ టెలివిజన్ కోసం నలుపు తెలుపులో చిత్రీకరించినది. వేళ్లు, ముఖాలు, ఒకరికొకరు చేసుకునే సైగలు చూడగలగడం దాని గొప్పతనం. ధ్వని మాత్రం పరిమితమే. ఆ రాత్రి జాబితాలో ‘స్మోక్ ఆన్ ద వాటర్’ లేదు.

మూడోది సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత, మార్చి 9న లండన్ పారిస్ థియేటర్‌లో బీబీసీ రికార్డు చేసిన కచేరీ. దీన్ని నేను ‘మేడ్ ఇన్ జపాన్’ పక్కన రెండో స్థానంలో ఉంచుతాను. అప్పటికి ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఉన్న ‘మెషీన్ హెడ్’ ఆల్బం ఇంకా దుకాణాల్లోకి రాలేదు. అంటే ‘స్మోక్ ఆన్ ద వాటర్’ మొదటి స్వరాలకు కేరింతలు కొట్టాలని అక్కడున్న శ్రోతలకు తెలియదు. స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో 1971 డిసెంబరు 4న అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా కాసినో తగలబడిన ఉదంతం ఆ పాటలో ఉందన్న సంగతి కూడా వారికి కొత్తే. లోకమంతటికీ తెలిసిన పాటను, ఇంకా ఎవరికీ తెలియని పాటగా వినే అవకాశం ఈ రికార్డింగు ఒక్కటే ఇస్తుంది. పైగా ‘మేబీ ఐయామ్ ఎ లియో’, ‘నెవర్ బిఫోర్’ ఉన్నాయి, ఈ రెండింటినీ ఆ కాలంలో వేదిక మీద అరుదుగానే వాయించారు. రేడియో స్టూడియో వంటి చిన్న మందిరం కాబట్టి ధ్వని శుభ్రంగా, పొడిగా ఉంటుంది. అయిదు నెలల తర్వాత ఒసాకాలో కనిపించే తెగువ ఇక్కడ ఇంకా రాలేదు. కొత్త పాటలను జాగ్రత్తగా పరిచయం చేస్తున్న బృందం వినబడుతుంది. మార్చి, ఆగస్టు రికార్డింగులను ఒకే సాయంత్రం వింటే, కచేరీల మీద కచేరీలు చేసి పాట ఎలా పండుతుందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

జపాన్ తర్వాతి కాలం గురించి నా అభిప్రాయం కొంత కటువుగా ఉండవచ్చు. 1973 జూన్ 29న ఒసాకాలోనే చివరి కచేరీ చేసి గిలన్, గ్లోవర్ వెళ్లిపోయారు. వారి స్థానంలో వచ్చిన గాయకుడు డేవిడ్ కవర్డేల్, బాస్ వాయిస్తూ పాడే గ్లెన్ హ్యూస్‌లతో బృందం స్వభావమే మారింది, బ్లూస్, సోల్ సంగీతాల ఛాయ వచ్చింది. 1975 ఏప్రిల్‌లో గ్రాజ్, సార్‌బ్రూకెన్, పారిస్‌లలో రికార్డయిన ‘మేడ్ ఇన్ యూరప్’లో పాత బృందం పాట ఒక్కటీ లేదు. కాబట్టి పేరు చూసి దాన్ని ‘మేడ్ ఇన్ జపాన్’తో పోల్చడం అన్యాయం. అందులోని ‘మిస్‌ట్రీటెడ్’ను దానికదిగా వినండి, కవర్డేల్ గొంతులో గిలన్‌కు లేని వెచ్చదనం ఉంది. పాటకు పాట పోల్చాలనుకుంటే 1974 ఏప్రిల్ 6 నాటి కాలిఫోర్నియా జామ్ సంగీతోత్సవంలోని కచేరీ, లేదా అదే ఏడాది మే 22న లండన్ కిల్‌బర్న్‌లో బీబీసీ రికార్డు చేసిన కచేరీ తీసుకోవాలి. రెండింటిలోనూ ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఉంది. కాలిఫోర్నియా జామ్ అనగానే బ్లాక్‌మోర్ గిటారుతో కెమెరాను పొడవడం, ఆంప్లిఫయర్ పేలడం గుర్తుకొస్తాయి. ఆ దృశ్యాలు చూడకుండా ధ్వనినే వింటే కిల్‌బర్న్ కచేరీలో వాయిద్యం ఎక్కువ నిలకడగా ఉందని మీకే తెలుస్తుంది. 1975 డిసెంబరు 15న, బ్లాక్‌మోర్ స్థానంలో వచ్చిన టామీ బోలిన్ గిటారిస్టుగా అదే బుడోకాన్‌లో జరిగిన కచేరీ రికార్డింగు వినడం కష్టంగా ఉంటుంది. ఆ రోజు బోలిన్ చేయి సరిగా స్వాధీనంలో లేదు, గిటారు పలకవలసిన చోట్ల లార్డ్ ఆర్గన్‌తో కప్పుకొచ్చాడు. మూడేళ్ల కిందట అదే భవనంలో లార్డ్ ఎంత స్వేచ్ఛగా ఆడుకున్నాడో తెలిసినవారికి అది బాధ కలిగిస్తుంది.

పాత అయిదుగురు 1984లో మళ్లీ కలిసిన తర్వాత వచ్చిన ‘నోబడీస్ పర్ఫెక్ట్’ చక్కగా మెరుగులు దిద్దిన రికార్డింగే గానీ, అందులో ప్రమాదం పొంచి ఉన్న భావన లేదు. 1993లో స్టుట్‌గార్ట్, బర్మింగ్‌హామ్‌లలో రికార్డయిన ‘కమ్ హెల్ ఆర్ హై వాటర్’లో ఆ ప్రమాదం తిరిగి వచ్చింది, కానీ అది సంగీతానిది కాదు, మనుషుల మధ్య వైరానిది. బర్మింగ్‌హామ్‌లో ‘హైవే స్టార్’ మొదలయ్యాక కూడా బ్లాక్‌మోర్ వేదిక మీదికి రాలేదు, కొద్ది రోజులకే బృందాన్ని శాశ్వతంగా వదిలేశాడు. తర్వాత గిటారిస్టుగా స్టీవ్ మోర్స్ చేరిన కొత్తలో, 1995 ఏప్రిల్ 8న ముంబయిలో జరిగిన కచేరీ ‘బాంబే కాలింగ్’ పేరుతో వీడియోగా ఉంది. మన దేశంలో జరిగినదన్న అభిమానం ఒక్కటే కాదు, బరువు దించుకున్న బృందం ఎంత ఉల్లాసంగా వాయిస్తుందో చూడటానికి కూడా అది పనికొస్తుంది. మోర్స్‌ను బ్లాక్‌మోర్ కొలతతో కొలవకుండా చూడండి.

పోల్చే పద్ధతి గురించి రెండు మాటలు. ఒకే కచేరీ వేర్వేరు ముద్రణల్లో వేర్వేరు శబ్ద స్థాయిలో ఉంటుంది. ఏది కొంచెం గట్టిగా ఉంటే అదే బాగుందని చెవి మోసపోతుంది. అందుకని వాల్యూమ్‌ను చేత్తో సరిచూసుకుని, రెండూ ఒకే స్థాయిలో వినబడేలా చేసుకుని మొదలుపెట్టండి. రీమాస్టరింగ్‌లో, అంటే పాత రికార్డింగును కొత్త ముద్రణకు మళ్లీ సిద్ధం చేయడంలో, శబ్దాన్ని ఒత్తి పెంచినప్పుడు మొదట నష్టపోయేది ‘చైల్డ్ ఇన్ టైమ్’ వంటి పాటే, ఎందుకంటే నిశ్శబ్దానికీ కేకకూ మధ్య దూరం తగ్గిపోతుంది. అసలు టేపుల నుంచి ధ్వనులను మళ్లీ కొత్తగా కలిపే రీమిక్సులకు కూడా ఒక హద్దు ఉంది. అయిదుగురు వాద్యకారులూ శ్రోతల చప్పుడూ కలిపి ఎనిమిది ట్రాకుల్లో ఇమిడిన టేపులో డ్రమ్స్ మైకులు కొన్ని అప్పుడే కలిసిపోయి ఉంటాయి, వాటిని తర్వాత ఎవరైనా పూర్తిగా విడదీయడం సులభం కాదు. రీమిక్సు వినేటప్పుడు మీకు నచ్చినది వాయించిన తీరో, కొత్తగా కుదిర్చిన ధ్వనో ఒకసారి ప్రశ్నించుకోండి. చరవాణిలో వినేవారు పాటల మధ్య విరామం రాకుండా సెట్టింగు మార్చుకోవాలి. శ్రోతల చప్పట్లు మధ్యలో తెగితే కచేరీ కచేరీలా ఉండదు.

ఇక పెట్టె సంగతి. 1993లో ‘లైవ్ ఇన్ జపాన్’ పేరుతో మూడు డిస్కులు వచ్చాయి గానీ స్థలం కోసం కొన్ని పాటలు వదిలేశారు. మూడు రాత్రులూ చివర్లో ప్రేక్షకులు కోరగా వాయించిన పాటలతో సహా పూర్తిగా కావాలంటే 2014లో వచ్చిన పెద్ద కూర్పు, లేదా దాని తర్వాతివి చూడాలి. అసలు ఆల్బంలో ఏ స్వరం ఎక్కడ వస్తుందో మీకు నోటికి వచ్చేటంత పరిచయం ఏర్పడక ముందు కొంటే, మీకు మూడుసార్లు అదే కచేరీ విన్నట్టుంటుంది, డబ్బు వృథా. పరిచయం ఏర్పడిన తర్వాత కొంటే మాత్రం వరుసగా రాత్రి వెంట రాత్రి వినకండి, పాట వెంట పాట వినండి. ముందు ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్’ మూడూ, తర్వాత ‘లేజీ’ ఆరంభాలు మూడూ, ఆ తర్వాత ‘స్పేస్ ట్రకిన్’ మూడూ. ‘హైవే స్టార్’ను చివరకు ఉంచుకోవచ్చు. ఇవన్నీ అయ్యాక ఆగస్టు 17 నాటి ‘చైల్డ్ ఇన్ టైమ్’ తీసి, అసలు ఆల్బంలోని 16వ తేదీ పాటతో ఒకే వాల్యూమ్‌లో పోల్చండి. ధ్వనిలో ఒసాకాదే పైచేయి అని మీరు కూడా అంటారని నా నమ్మకం. గ్లోవర్ జీవితాంతం మరచిపోలేనన్న రాత్రి ఏదో తెలుసుకోవడానికి మాత్రం ఆ టోక్యో టేపు తప్ప మనకు వేరే దారి లేదు, అందుకే ఆ పెట్టె నా దగ్గర ఉంది.